లావాగారూ, నాలుగువందల పన్నెండో సంచీ

లావాగారిని మీరు ఏ ప్రశ్న వేసినా సరే, ఆయన జవాబు రెండువందల డెబ్బై కోట్ల సంవత్సరాల క్రితం నుంచి మొదలయ్యేది. అంతకంటే ఒక్క రోజు ఇవతల నుంచి మొదలుపెట్టడం ఆయనకు చేతకాదు. టైమెంతయిందని అడిగినా అంతే, టీలో చక్కెర వేశారా అని అడిగినా అంతే. పిడుక్కీ బియ్యానికీ ఒకటే మంత్రమని పెద్దలు ఊరికే అనలేదు. వాళ్ళూ ఎక్కడో ఇలాంటి మనిషి కింద ఉద్యోగం వెలగబెట్టే ఉంటారు.

నేను మూడేళ్ళు వెలగబెట్టాను. ఆయన మా క్యాంపుకు పెద్ద జియాలజిస్టు, నేను చిన్న జియాలజిస్టుని. క్యాంపంటే నాలుగు రేకుల గదులు, ఒక వంటగది, డ్రిల్లింగులో బయటికొచ్చిన రాతి కడ్డీలు దాచే ఒక పొడవాటి షెడ్డు, బుల్లి విమానం దిగడానికి చదును చేసిన మట్టి దారి. దగ్గర్లో ఉన్న ఊరికి జీపులో ఆరు గంటలు. అంత దూరం వెళ్ళి మేం వెతుకుతున్నది బంగారం. ఆ నేల కింద నలభై కిలోమీటర్ల పొడవున పాత ఆకుపచ్చ రాళ్ళ పట్టీ ఒకటి ఉంది. గ్రీన్‌స్టోన్ బెల్టు అంటారు దాన్ని. లోకంలో చాలా బంగారం అలాంటి రాళ్ళలోనే దొరికింది. మా పట్టీలో మాత్రం అప్పటికి తొంభై ఏళ్ళుగా ఎవరికీ సరిగ్గా దొరకలేదు.

నేను జీపు దిగిన మొదటి రోజే పరిచయమైంది ఆయన జబ్బు. ఆరు గంటల ప్రయాణం, దారంతా గతుకులు. దిగగానే ఎదురుగా తెల్ల గడ్డం, మెడలో తాడుకు కట్టిన భూతద్దం, మోకాళ్ళ దగ్గర చిరిగిన ప్యాంటుతో ఒక పెద్దమనిషి కనిపించారు.

"నమస్కారం సార్. బాత్రూం ఎటువైపండీ?"

"మంచి ప్రశ్న వేశావు అబ్బాయ్," అని నా భుజం మీద చెయ్యి వేశారు. ఇరవై నిమిషాలు ఆ చెయ్యి తియ్యలేదు. "రెండువందల డెబ్బై కోట్ల ఏళ్ళ క్రితం ఇక్కడంతా సముద్రం."

"సార్, సముద్రం సంగతి తర్వాత..."

"తర్వాతెలా? ముందు సముద్రమే. దాని అడుగున నేల చీలి లావా పైకొచ్చింది. చన్నీళ్ళు తగిలేసరికి గడ్డకట్టి దిండ్లు దిండ్లుగా పేరుకుంది. అదిగో, ఆ గట్టు మీద ఇప్పటికీ ఆ దిండ్లు అలాగే ఉన్నాయి. చూశావా?"

నేను చూడలేదు. కాళ్ళు దగ్గరగా పెట్టుకుని నిలబడడమే నాకప్పుడు పెద్ద పని. ఆ దిండ్లు భూమిలోకి కుంగాయట, ఉడికి ఆకుపచ్చగా మారాయట. రెండు పక్కలనుంచీ గ్రానైట్ తోసుకొచ్చి వాటిని నలిపిందట. దాంతో పడమటివైపు రాయి గునపం దిగనంత గట్టిపడిందట. తూర్పువైపుది కాలక్రమాన మెత్తబడి మట్టయిందట.

"కాబట్టి గొయ్యి తూర్పున తవ్వించాం. వంటగది వెనకాల. వెళ్ళు నాయనా, అర్జంటులా ఉంది, ముందే చెప్పొద్దూ?"

ఆయనకు లావాగారని పేరు పెట్టింది మా వంటాయన. అసలు పేరు ఉత్తరాల మీద మాత్రం ఉండేది. వంటాయన పాపం, ఉద్యోగంలో చేరిన కొత్తలో మర్యాదకు "కూరలో ఉప్పు సరిపోయిందా అయ్యా?" అని అడిగాడట.

"ఉప్పు గురించే గదా అడిగాను బాబుగారూ," అని తర్వాత నాతో వాపోయాడు. "సముద్రం దగ్గర మొదలెట్టారు. పోనీలే, సముద్రంలో ఉప్పుంది గదా, ఇప్పుడో ఇంకాసేపటికో నా కూర దగ్గరకొస్తారు అనుకున్నాను. లావావైపు తిరిగిపోయారు. కూర చల్లారింది, నా నడుం పడిపోయింది, ఉప్పు సంగతి నాకు ఇప్పటికీ తెలీదు."

ఆ తర్వాత అతను అడగడం మానేశాడు. కంచం ఖాళీగా తిరిగొస్తే ఉప్పు సరిపోయిందని లెక్క.

ఒకసారి మోకాలి నొప్పికి ఆయన్ని ఊళ్ళో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. డాక్టరు కొత్తవాడు, ముక్కూ మొహం తెలియదు. "ఎన్నాళ్ళ నుంచండీ ఈ నొప్పి?" అన్నాడు. నేను వెంటనే కళ్ళు మూసుకున్నాను. మళ్ళీ తెరిచేసరికి బయట బెంచీ మీద పేషెంట్లు పదకొండు మంది అయ్యారు. డాక్టరు చెయ్యి మందుల చీటీ మీద తనంతట తానే కదులుతోంది. రెండు మోకాళ్ళకీ, ముందు జాగ్రత్తకు మెడకీ కూడా మందు రాసిచ్చి పంపించాడు. నేను గుమ్మం దాటుతుంటే నా చెయ్యి పట్టుకుని, "మీరెలా తట్టుకుంటున్నారండీ?" అని గుసగుసగా అడిగాడు.

ఎలా తట్టుకున్నానో నాకే తెలియదు. ఎందుకంటే నా ఉద్యోగమే ఆయన్ని ప్రశ్నలడగడం. ఆ స్థలంలో ఎవరెవరు ఎప్పుడెప్పుడు బంగారం వెతికారో, రాళ్ళ తీరేమిటో అంతా ఇరవై పేజీల్లో రిపోర్టు రాసి పంపమని హెడ్డాఫీసు నన్ను తొందర పెట్టేది. మాకంటే ముందు ఇక్కడ ఎన్ని బోర్లు వేశారో ఒక్క అంకె కావాలి నాకు. నోటుబుక్కు పట్టుకుని అడిగాను. ఆ అంకె ఆరు. అది ఆయన నోట్లోంచి రావడానికి మూడు రోజులు పట్టింది.

మొదటి రోజంతా లావా, గ్రానైట్. రెండో రోజు భూమి లోతుల్లోంచి వేడినీళ్ళు బంగారాన్ని మోసుకుంటూ రాతి పగుళ్ళలోకి రావడం, అక్కడ పలుగురాయితో కలిసి గడ్డకట్టడం. మూడో రోజు మధ్యాహ్నానికి మనుషులు వచ్చారు. మొదట గాడిదను తోలుకుని ఒంటరివాడొకడు వచ్చాడట. పదకొండు గోతులు తవ్వి, వేరుశెనగ గింజంత బంగారం చూసి, ఇంకో వేరుశెనగ గింజ కోసం మిగతా బతుకంతా అక్కడే గడిపాడట. తర్వాత ఒక కంపెనీ నలభై మీటర్ల లోతు బావి దింపితే నీళ్ళు ముంచెత్తాయి. ఆ తర్వాత ఇంకో కంపెనీ ఆ ఆరు బోర్లూ వేసి, బంగారం ధర పడిపోగానే రాతి కడ్డీల పెట్టెల్ని చెదలకు వదిలేసి వెళ్ళిపోయింది.

"అంటే అందరూ కొండను తవ్వి ఎలుకను పట్టారన్నమాట," అన్నాను విసుగ్గా.

"ఎలుక కూడా దొరకలేదు అబ్బాయ్. కానీ ఆ బావి సంగతుందే, నీళ్ళొచ్చింది పంపు చూసే మనిషి నిర్లక్ష్యం వల్లని వాళ్ళ రిపోర్టులో రాశారు. అతన్ని పంపేశారు. నీళ్ళు తగ్గాక నేను దిగి చూశాను. అక్కడ రాతిలో ఇంతంత పగుళ్ళు. రాయి చేసిన పనికి మనిషిని పంపేశారు. అతను ఇంటికెళ్ళి పెళ్ళాంతో ఏం చెప్పుకున్నాడో ఏ రిపోర్టులోనూ లేదు. నువ్వు రాయి."

"ఇరవై పేజీలే సార్."

"గాడిదను తగ్గించు."

గాడిద ఒక్క వాక్యమే. పంపు మనిషిని పెడితే నేను హెడ్డాఫీసు నుంచి చీవాట్లు తినాలి. పెట్టలేదు. అది తెలిసి ఆయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు. అంత సుఖంగా నేను ఆ క్యాంపులో ఎప్పుడూ లేను.

ఆయనతో నాకున్న ఇంకో పేచీ సంతకం. రాతి కడ్డీని రంపంతో నిలువునా రెండుగా కోస్తాం. ఒక సగం పెట్టెలో ఉంచి, రెండో సగాన్ని సుత్తితో ముక్కలు చేసి, సంచీలో కట్టి, నంబరు వేసి ల్యాబుకి పంపుతాం. ఆ పని ఎండలో చెమటలు కక్కుతూ చేసేది నేనూ ఇద్దరు పనివాళ్ళూ. సాయంత్రానికి రిజిస్టరులో 'చేసినవారు' అన్న గడి కింద పై నుంచి కింద దాకా తన సంతకం చేసుకునేది ఆయన. సొమ్మొకడిది సోకొకడిది అంటారే, అదన్నమాట. ఒకసారి మొహం మీదే అనేశాను కూడా.

"కష్టం మాదీ, పేరు మీదీనా సార్?"

"మంచి ప్రశ్న," అన్నారు. నేను పారిపోయాను.

ఇక నా ఘనకార్యం గురించి చెప్పాలి. బంగారం వెతికే షెడ్డులోకి బంగారం పెట్టుకుని ఎవరూ రాకూడదు. ఉంగరం, గొలుసు ఏదైనా సరే, గుమ్మం దగ్గరే తీసేయాలి. పలుగురాయి బంగారం కంటే చాలా గట్టిది. ఉంగరం దానికి రాసుకుంటే అరిగిపోయి రాతికి అంటుకుంటుంది. ల్యాబువాళ్ళు అది రాతిలో ఉన్న బంగారమే అనుకుంటారు. ఈ సంగతి మా వంటాయనకు కూడా తెలుసు.

నాకప్పటికి పెళ్ళయి ఏడు నెలలు. మా ఆవిడ తొడిగిన ఉంగరం రోజూ బుద్ధిగా తీసి వెళ్ళేవాణ్ణి. ఒకనాడు సుత్తి దెబ్బ వేలి మీద పడింది. వేలు వాచింది, ఉంగరం బిగుసుకుపోయింది. రేపటికి వాపు తగ్గుతుందిలే అని పైన ప్లాస్టరు చుట్టి పని కానిచ్చాను. ఆయనతో చెప్పాలని అనుకోకపోలేదు. అప్పటికి భోజనాల వేళయింది. చెబితే సముద్రం నుంచి మొదలవుతుంది. నాకు ఆకలేస్తోంది. చెప్పలేదు.

మూడు వారాలకు ల్యాబు ఫలితాలొచ్చాయి. మిగతా సంచీల్లో ఏమీ లేదు. నాలుగువందల పన్నెండో సంచీలో మాత్రం టన్నుకు తొమ్మిది గ్రాములు! క్యాంపంతా గంతులేసింది. డ్రిల్లరు వంటాయన్ని ఎత్తుకుని తిప్పాడు. హెడ్డాఫీసు వాళ్ళు ఫోనులో ఒకరి మాట ఒకరికి వినపడకుండా అరిచారు. నేను గదిలోకెళ్ళి, చిరిగిన ప్లాస్టరు తీసి చూసుకున్నాను. వేలి కణుపు ఇంకా ఉబ్బే ఉంది, ఉంగరం ఊడి రాలేదు, ఒక పక్క చదునుగా అరిగిపోయి ఉంది. మంచం మీద కూలబడ్డాను. మా వృత్తిలో శాంపిల్లో బంగారం కలిపినవాడని ఒక్కసారి పేరు పడితే చాలు, కావాలని చేశాడో పొరపాటున చేశాడో ఎవడూ అడగడు. ఇంక ఏ క్యాంపూ గడప తొక్కనివ్వదు. నాకు తెలిసిన పని ఇదొక్కటే.

ఆ రోజే లావాగారు పెట్టెలో మిగిలిన సగాన్ని భూతద్దంతో అరగంట చూసి, దాన్ని కూడా ల్యాబుకి పంపించారు. హెడ్డాఫీసుకు ఒక వాక్యం రాసి నా చేతే పంపించారు. "నాలుగువందల పన్నెండును నమ్మకండి, అందులో బయటి బంగారం కలిసింది, ఎవరికీ చెప్పకండి." అంతే. లావా లేదు, సముద్రం లేదు. ఆయనకు ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను.

తర్వాత పది రోజుల్లో నిజం చెప్పేద్దామని నాలుగుసార్లు ఆయన గదికి వెళ్ళాను. "సార్, ఒక మాట చెప్పాలి" అనగానే "కూర్చో" అని సముద్రం తెచ్చేవారు. నాలుగుసార్లూ లావాలో మునిగి తిరిగొచ్చాను. ఒప్పుకుందామన్నా ఒప్పుకోనివ్వని మనిషిని ఏం చెయ్యాలి? గోడకేసి తల కొట్టుకుందామంటే రేకులు, పెద్ద చప్పుడు.

పెట్టెలోంచి పంపిన సగంలో బంగారం ఆనవాలు కూడా లేదని తేలింది. ఈలోగా మా డైరెక్టరు ఆగలేక బంగారం దొరికిందని ఛైర్మన్ చెవిలో వేసి, ఆ తర్వాత నాలుక కరుచుకోవలసి వచ్చింది. ఆ మంట మీద విమానమెక్కి మా మట్టి దారి మీద దిగారు. షెడ్డులో బల్ల ముందు కూర్చుని, మా అందర్నీ వరసగా నిలబెట్టారు.

"నాకు కథలొద్దు. ఒక్క పేరు కావాలి. ఆ సంచీ కట్టినవాడెవడు? వాణ్ణి ఇవాళే నాతో విమానంలో తీసుకుపోతాను. ఈ జన్మకి ఇంకే గనిలోనూ కాలు పెట్టనివ్వను."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి జేబులోకి పోయింది.

"చెప్తానండీ," అన్నారు లావాగారు. "రెండువందల డెబ్బై కోట్ల ఏళ్ళ క్రితం..."

"నేనడిగింది పోయిన నెల సంగతి!"

"దానికే వస్తున్నా. పోయిన నెల కోసిన రాయి అప్పుడు పుట్టిందే గదండీ."

నేను ఒక అడుగు ముందుకేశాను. "సార్, అసలు ఆ రోజు..."

"నువ్వుండవయ్యా, లావా ఇంకా చల్లారలేదు."

డైరెక్టరు రిజిస్టరు లాక్కుని తిరగేశారు. "ఇదేంటి? మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా మీ సంతకమే ఉందే! ఇవన్నీ మీరే కట్టారా?"

"సంతకం నాదేనండీ. అది నాదే ఎందుకో తెలియాలంటే, ముందు ఈ దిండ్ల సంగతి అర్థం కావాలి."

వంటాయన టీ తెచ్చాడు. టీ చల్లారింది. లావా కూడా చల్లారి, కుంగి, పచ్చబడింది. నేను ఇంకోసారి నోరు తెరిచాను. "డైరెక్టరుగారూ, నేనే..."

"నువ్వే ఆ దిండు రాయి అందుకో," అని నా చేతిలో పదికిలోల బండ పెట్టారు. రెండు చేతులూ దానికే సరిపోయాయి. దాని కింద నా ఉంగరం కూడా ఎవరికీ కనపడలేదు.

మూడుంపావుకి పైలట్ గుమ్మంలో నిలబడి గడియారం చూపించాడు. "నాలుగింటికి లేవకపోతే ఇక రేపేనండీ. ఈ దారి మీద లైట్లు లేవు."

డైరెక్టరు మొహంలో అప్పుడు కనిపించిన భయం నేను జన్మలో మరిచిపోలేను. ఆ రాత్రి ఈ క్యాంపులో, ఈయనతో, పక్కపక్క గదుల్లో!

"ఇంకా ఎంతుందండీ?" అన్నారు నీరసంగా.

"సగం కూడా కాలేదు. ఇప్పుడే గ్రానైట్ వచ్చింది. ఇంకా గాడిద రావాలి."

"గాడిదా?"

"అది వస్తే గానీ బావి రాదు. బావి వస్తే గానీ మన బోర్లు రావు."

డైరెక్టరు లేచి నిలబడ్డారు. "ఎవరి సంతకముంటే వాళ్ళదే తప్పు. మీ ఫైల్లోనే రాస్తాను. ఇది తొమ్మిదో మచ్చ, తెలుసా మీకు? మీతో చేరినవాళ్ళు హెడ్డాఫీసులో ఏసీ గదుల్లో కూర్చున్నారు. మీరింకా ఈ రేకుల కింద ఎందుకున్నారో ఎప్పుడైనా ఆలోచించారా?"

"గది బావుంటుందండీ. గాలి బాగా వస్తుంది."

విమానం లేచి, చుక్కంతై, కనపడకుండా పోయింది. నేనింకా ఆ బండ మోస్తూనే ఉన్నాను. మూడేళ్ళ విసుగూ, పది రోజుల దిగులూ ఒకేసారి పొంగుకొచ్చాయి.

"ఏం మనిషి సార్ మీరు? చెప్పబోతుంటే నోరు మూయిస్తారేం? ఆ సంచీ నేను కట్టాను! నా ఉంగరం వల్లే..."

"తెలుసులే. ఆ రాయి కిందపెట్టు, బరువు."

"తెలుసా? ఎప్పట్నుంచి?"

"నువ్వు ప్లాస్టరు చుట్టుకున్న నాలుగో రోజు నుంచి. దెబ్బ తగిలినవాడు ప్లాస్టరు మారుస్తాడు, నువ్వు దాచుకుంటున్నావు. అప్పటికే సంచీలు వెళ్ళిపోయాయి. ఏ సంచీనో తెలియలేదు గానీ, ఫలితాలొచ్చాక అదే తెలిసింది."

ఆయన అంత చిన్న చిన్న మాటల్లో జవాబు చెప్పడం నేనెప్పుడూ వినలేదు.

"చూడబ్బాయ్, రాయి గురించి అడిగితే అబద్ధమాడను. దాని సంగతి ఒక్క ముక్కలో రాసి పంపించాను, చూశావుగా. మనిషి సంగతి అడిగితే మాత్రం మొదట్నుంచీ చెప్పాలి. అంతసేపు వినే ఓపిక ఎవరికీ ఉండదు. అది నా తప్పా?"

అంటే ఆ తొమ్మిది మచ్చల్లో ఒక్కటీ ఈయనది కాదు. రిజిస్టరు నిండా సంతకాలు చేసింది పేరు కొట్టేయడానికని మొహం మీదే అన్నవాణ్ణి నేను. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా మూడేళ్ళ కడుపుమంట అంత త్వరగా చల్లారుతుందా?

"బావుంది సార్. అలాంటి రోజులు మీ ముప్ఫై ఏళ్ళ సర్వీసులో తొమ్మిదొచ్చాయి. మిగతా రోజులన్నీ మమ్మల్నెందుకండీ ఇలా చంపుతారు?"

"అవసరమైన రోజే చెప్తే దొరికిపోమూ?" అన్నారు ఆశ్చర్యంగా, ఇంత చిన్న విషయం నాకెలా తట్టలేదా అన్నట్టు. "రోజూ చెప్తేనే ఎవరికీ అనుమానం రాదు. పాపం, దీనికోసం ఎంత కష్టపడుతున్నాననుకున్నావ్?" ఒక్క క్షణం ఆగి, గడ్డం గోక్కుని, "పైగా నాకు చెప్పడం ఇష్టం కూడానూ," అన్నారు.

నవ్వు ఆపుకోలేకపోయాను. ఆయన నన్ను వంటగదిలోకి తీసుకెళ్ళి, పీట మీద కూర్చోబెట్టి, సబ్బూ దారమూ తెప్పించారు. దారం ఉంగరం కిందనుంచి దూర్చి, వేలు చుట్టూ దగ్గరదగ్గరగా చుట్టి, మెల్లగా విప్పుతూ ఉంగరాన్ని పైకి జరపడం మొదలుపెట్టారు. ప్రాణం పోయినంత నొప్పి.

"నొప్పెడుతోంది సార్! ఇంకా ఎంతసేపు పడుతుంది?"

అడిగాక గానీ ఏం చేశానో తెలియలేదు. వంటాయన గరిటె అక్కడే పడేసి బయటికి పరుగెత్తాడు.

"మంచి ప్రశ్న," అన్నారు లావాగారు, దారం మీంచి చూపు తిప్పకుండా. లావా దిండ్లుగా పేరుకునేసరికి ఉంగరం వేలి కణుపు దాకా వచ్చింది. గ్రానైట్ తోసుకొస్తుండగా ఊడి ఒళ్ళో పడింది. నేను లేవబోయాను.

"కూర్చో, ఇంకా గాడిద రాలేదు," అన్నారు.

కూర్చున్నాను.